నొప్పి బిళ్ళ ఇచ్చే ముందు ఒక్క నిమిషం అడగండి: విశాఖ మందుల షాపుల వాళ్లకి బహిరంగ లేఖ

విశాఖపట్నంలో మందుల షాపులు నడుపుతున్న యజమానులకి, ఫార్మసిస్టులకి, కౌంటర్లో నిలబడి చీటీ చూసి బిళ్ళలు తీసిచ్చే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి,

నమస్కారం. సూటిగా విషయానికి వచ్చేస్తాను. అరవై ఐదు దాటిన మనిషికి ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక వాళ్ల కొడుకో కోడలో మనవడో మీ దగ్గరికొచ్చి "నొప్పికి ఏదైనా మంచి బిళ్ళ ఇవ్వండి" అంటే, అలవాటుగా ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందు కలిసిన స్ట్రిప్పు తీసి చేతిలో పెట్టేయకండి. ఎవరికి, ఏం ఆపరేషన్, ఇంకా ఏం మందులు వాడుతున్నారు, కిడ్నీ సంగతేంటి, ఈ నాలుగూ అడిగి అప్పుడివ్వండి. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఎందుకు ఖర్చు పెట్టాలో చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం.

నేను సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను, కంచరపాలెం వైపు ఉంటాను. రిటైరయ్యాక డ్యూటీ తగ్గిందనుకుంటే పొరపాటు, మా వీధిలో ఎవరింట్లో పెద్దవాళ్లకి ఆపరేషన్ అయినా మందుల కవరు పట్టుకుని మా ఇంటికే వస్తారు. "అక్కా, ఇది తిన్నాకా తినకముందా?", "పిన్నిగారూ, ఇదీ అదీ ఒకటేనా?" అని. మన ఊళ్లో ఆపరేషన్లకి కొదవ లేదు కదా. కేజీహెచ్ ఉంది, హనుమంతవాక దగ్గర విమ్స్ ఉంది, ఆరిలోవ హెల్త్ సిటీలో వరసగా పెద్ద పెద్ద ఆస్పత్రులున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు నుంచే కాదు, ఒడిశా నుంచి కూడా మోకాలికి, తుంటికి, హెర్నియాకి, ప్రోస్టేట్‌కి, కంట్లో శుక్లాలకి ఇక్కడికే వస్తారు. ఆస్పత్రిలో ఉండేది నాలుగైదు రోజులు, మిగతా నెలా నెలన్నరా ఇంట్లోనే. ఆ నెలన్నరలో వాళ్లకి అందుబాటులో ఉండే మందులు తెలిసిన మనిషి ఎవరు? డాక్టరుగారి అపాయింట్‌మెంట్ వచ్చే మంగళవారం, మీ షాపేమో సందు చివర. అందుకే ఈ ఉత్తరం ఆస్పత్రులకి కాకుండా మీకు రాస్తున్నాను.

ఈ మధ్య మా వెనక వీధి మామ్మగారి కవరు నా ముందుకొచ్చింది. ఎనభైకి దగ్గర్లో ఉన్న మనిషి, సన్నగా ఉంటారు, నలభై ఐదు కేజీలు ఉంటే ఎక్కువ. బాత్రూములో జారిపడి తుంటి విరిగితే ఆపరేషన్ చేసి పంపారు. కవరు మంచం మీద బోర్లిస్తే పడ్డవి ఇవి. డిశ్చార్జి కాగితంలో రాసిన డోలో 650, అంటే పారాసెటమాల్ 650 మిల్లీగ్రాములు, రోజుకి మూడు. బి.పి.కి ఎప్పట్నుంచో వేసుకుంటున్న టెల్మా-హెచ్. రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్ 75. ఇంతవరకు ఆస్పత్రి వాళ్లకి తెలిసినవి. రెండు రోజులకి నొప్పి ఆగట్లేదని మనవడు షాపుకెళ్తే ఇంకో బిళ్ళ ఇచ్చారు, ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325 కలిసింది, పొద్దునొకటి రాత్రొకటి వేయమన్నారు. దాన్ని కత్తెరతో కత్తిరించి ఇచ్చారు కాబట్టి మా చేతికొచ్చిన ముక్క మీద పేరు సగమే ఉంది, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయింది. ఆ తర్వాత జలుబు చేసిందని ఇంకో రోజు ఇంకో బిళ్ళ, అందులో పారాసెటమాల్ 500, అదీ రెండు పూటలా.

లెక్క వేయండి. డోలో మూడు అంటే 1950. నొప్పి బిళ్ళలో ఉన్నది రెండు పూటలకి 650. జలుబు బిళ్ళలది 1000. మొత్తం 3600 మిల్లీగ్రాములు. పిల్లలకి కాదు గానీ, ఆరోగ్యంగా ఉన్న మామూలు మనిషికి రోజుకి 4 గ్రాములు దాటకూడదన్నది మీకు తెలిసిన లెక్కే, కానీ వయసు మళ్లి, బరువు యాభై కేజీల లోపు ఉండి, ఆపరేషన్ తర్వాత రెండు ముద్దలకి మించి తినని మనిషికి ఆ నాలుగు వర్తించదు. అలాంటి వాళ్లకి 3 గ్రాముల లోపు, మరీ సన్నగా ఉంటే 2 దగ్గరే ఆపమంటారు డాక్టర్లు. పైగా ఆ ఇంట్లో వాళ్ల దృష్టిలో ఆవిడ వేసుకుంటున్నది మూడు రకాల జబ్బులకి మూడు రకాల బిళ్ళలు. ఒకటి నొప్పికి, ఒకటి జ్వరం రాకుండా, ఒకటి జలుబుకి. మూడింట్లోనూ ఒకే మందు ఉందని వాళ్లకి ఎలా తెలుస్తుంది, స్ట్రిప్పు వెనక చీమ కాళ్లంత అక్షరాల్లో ఇంగ్లిషులో ఉంటే? మీకు తెలుసు. పారాసెటమాల్ ఎక్కువైతే లివరు దెబ్బతింటుందని, మొదటి రోజు పెద్దగా లక్షణాలేవీ కనిపించవని, కళ్లు పచ్చబడేసరికి ఆలస్యమైపోతుందని కూడా మీకు తెలుసు. మందు మంచిదే, మనకున్న వాటిలో పెద్దవాళ్లకి అన్నిటికన్నా నయమైనది అదే. ఒకే మందు మూడు పేర్లతో ఇంట్లోకి రావడమే చిక్కు.

అసలు నాకు టెన్షన్ పెట్టింది పారాసెటమాల్ కాదు, దాని పక్కనున్న ఎసిక్లోఫెనాక్. అదీ, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎటోరికాక్సిబ్, నాప్రోక్సెన్, నిమెసులైడ్, మెఫెనమిక్ యాసిడ్, అన్నీ ఒక కుటుంబమే. వీటికి నొప్పి త్వరగా తగ్గుతుంది, వాపు లాగుతుంది, కస్టమర్ మర్నాడొచ్చి "బాగా పనిచేసింది" అంటాడు, అందుకే చెయ్యి ముందు వాటి డబ్బా మీదకే పోతుంది. కానీ టెల్మా-హెచ్‌లో టెల్మిసార్టాన్ ఉంది, హైడ్రోక్లోరోథయాజైడ్ అనే నీటి బిళ్ళ, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు ఉంది. వీటికి పైన చెప్పిన నొప్పి బిళ్ళ తోడైతే కిడ్నీకి మూడు వైపుల నుంచీ దెబ్బ.

ఎలా అంటే, మూడో అంతస్తు ట్యాంకుకి నీళ్లెక్కాలంటే కింద ప్రెషర్ ఉండాలి కదా, కిడ్నీలో రక్తం వడగట్టడానికీ అలాగే ప్రెషర్ కావాలి. ఒంట్లో నీరు తగ్గినా, రక్తం పోయినా శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే తన సొంత రసాయనాల సాయంతో కిడ్నీలోకొచ్చే రక్తనాళాన్ని తెరిచి ఉంచి ఎలాగో నెట్టుకొస్తుంది. నొప్పి బిళ్ళ ఆ ప్రోస్టాగ్లాండిన్లనే ఆపేస్తుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బి.పి. మందులు కిడ్నీ నుంచి బయటికెళ్లే నాళాన్ని వదులు చేస్తాయి. నీటి బిళ్ళ ఉన్న కాస్త నీటినీ బయటికి పంపేస్తుంది. ఇక ఆ ముసలి ప్రాణానికి ప్రెషర్ ఎక్కడ్నుంచి వస్తుంది?

దీనికి మన ఊరి ఉక్కపోత ఒకటి తోడు. ఇంకోటి కూడా ఉంది, ఇది పుస్తకాల్లో ఉండదు గానీ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. తుంటి ఆపరేషనో మోకాలి ఆపరేషనో అయిన పెద్దావిడ బాత్రూముకి వెళ్లాలంటే ఇద్దరు పట్టుకోవాలి, కోడలి చేత ఎత్తించుకోవడానికి మొహమాటం, అందుకని నీళ్లు తాగడం మానేస్తుంది. "దాహం లేదమ్మా" అంటుంది. పెదాలు ఎండిపోయి ఉంటాయి, ఆ నోట్లోనే మనం ఎసిక్లోఫెనాక్ వేస్తాం. మామ్మగారికి ఆ రోజు నుంచే ఆ బిళ్ళ ఆపించి, డాక్టరుకి ఫోన్ చేయించి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయించాం. కొంచెం పెరిగింది, మందు ఆగి నీళ్లు తాగాక మళ్లీ దిగింది. ఆవిడ అదృష్టం.

ఉత్తరాంధ్రలో ఉండి కిడ్నీ గురించి మాట్లాడితే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి మాట్లాడకుండా ఎలా? కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం, ఈ మండలాల నుంచి ఎంతమంది కిడ్నీ పేషెంట్లు ఏళ్ల తరబడి కేజీహెచ్‌కి వచ్చారో ఈ ఊళ్లో వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యేదాకా చాలామందికి ఇదే దిక్కు. ఆ జబ్బుకి ఫలానాదే కారణమని ఇంతవరకు తేల్చలేదు, నేను నొప్పి బిళ్ళల మీదకి తోసేయడం లేదు. కానీ తోటల్లో రోజంతా వంగి పనిచేసి, ఒళ్లు నొప్పులకి సాయంత్రం ఒక బిళ్ళ వేసుకుని పడుకోవడం అక్కడ చాలామందికి అలవాటు, ఇప్పటికే నీరసించిన కిడ్నీకి అది మంచిది కాదన్నది మాత్రం తేలిన విషయమే. ఆ వైపు నుంచి వచ్చి ఇక్కడ బంధువులింట్లో ఉండి ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయనకి ఆ బిళ్ళ ఇచ్చేముందు "తాతా, మీది ఏ ఊరు? కిడ్నీ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా?" అని అడగడం కుశల ప్రశ్న కాదు, మందు ఇచ్చే పనిలో భాగం.

ఒక మాట గుర్తొచ్చింది. మనకి రాబందులు కనిపించకుండా పోయాయి కదా, దానికి కారణం డైక్లోఫెనాక్ అని 2004లో బయటపడింది. ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే దాని మాంసం తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి. 2006లో మన ప్రభుత్వం పశువులకి దాన్ని నిషేధించింది. మనిషి రాబందు కాదు, వాటి ఒళ్లు ఆ మందుని బొత్తిగా తట్టుకోలేదు, మనం తట్టుకుంటాం, నిజమే. అయినా పశువుకి వేయడం చట్టప్రకారం ఆపేసిన మందుని తాతగారికి ఏమీ అడక్కుండా ఇచ్చేస్తున్నామే అనిపిస్తుంది నాకు.

పొట్ట సంగతి. వయసు పెరిగేకొద్దీ ఈ బిళ్ళలకి కడుపులో పుండ్లు పడి రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది, రక్తం పలచబరిచే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, అసిట్రోమ్ గానీ, స్టెరాయిడ్లు గానీ వాడేవాళ్లకి ఇంకా పెరుగుతుంది. మోకాలు, తుంటి మార్పిడి చేసినవాళ్లకి కాలి నరాల్లో రక్తం గడ్డకట్టకుండా కొన్ని వారాలు ఆస్పిరినో, రివరాక్సబానో, అపిక్సబానో ఇచ్చి పంపుతారు. ఇంట్లోవాళ్లు దాన్ని "ఆపరేషన్ బిళ్ళ" అంటారు, ఎందుకో వాళ్లకి తెలీదు. దాని మీద నొప్పి బిళ్ళ పడిందంటే విరోచనం తారులా నల్లగా రావడం మొదలవుతుంది. ముసలివాళ్లకి కడుపునొప్పి కూడా ఉండకపోవచ్చు, నీరసంగా పడుంటే "ఆపరేషన్ అయింది కదా, నీరసం ఉంటుందిలే" అనుకుంటాం. ఇంకోటి, గుండె కోసం ఎకోస్ప్రిన్ వేసుకునేవాళ్లు ఐబుప్రోఫెన్ కూడా వేసుకుంటే ఆ ఎకోస్ప్రిన్ పని చెడిపోవచ్చు. ఇది మీలో చాలామందికి తెలిసినా కౌంటర్లో ఎవరూ చెప్పరు.

"గ్యాస్ మాత్ర కలిపి ఇస్తున్నాం కదా" అంటారు. పాంటోప్రజోల్ పొట్టని కాస్త కాపాడుతుంది, నేను కాదనను. కిడ్నీని కాపాడదు, గుండెని కాపాడదు, బి.పి. పెరగకుండా ఆపదు. గుండెకి బైపాస్ అయినవాళ్లకైతే ఆపరేషన్ నొప్పికి ఈ జాతి బిళ్ళలు అసలు వాడకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే మందు వివరాల కాగితంలో గడి కట్టి హెచ్చరిక వేయించింది. బి.పి. అదుపులో లేనివాళ్లకి ఎటోరికాక్సిబ్ ఇవ్వకూడదు. ఛాతీ మీద కుట్లు కనిపిస్తున్న మనిషి స్వయంగా షాపుకి రాడు, చొక్కా వేసుకున్న కొడుకు వస్తాడు, అందుకే అడిగితే తప్ప మీకు తెలిసే దారి లేదు.

ఇదంతా చదివి రేపట్నుంచి పెద్దవాళ్లకి ఏ నొప్పి మందూ ఇవ్వకుండా "ఓర్చుకోండి" అని పంపేస్తారేమో, అది ఇంకా అన్యాయం. మన పెద్దవాళ్లు అసలే నొప్పి చెప్పుకోరు. "పిల్లలు కంగారుపడతారు, అలవాటైపోతే కష్టం" అని పళ్లబిగువున భరిస్తారు. నొప్పి భరిస్తూ కదలరు, కదలకపోతే కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుంది, గట్టిగా ఊపిరి పీల్చకపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, ఫిజియోథెరపీ మానేస్తే మార్చిన మోకాలు బిగుసుకుపోతుంది. నొప్పికి నిద్రలేక రాత్రిళ్లు మతి తప్పి ఏదేదో మాట్లాడేవాళ్లని వార్డులో ఎంతమందినో చూశాను. అందుకని పారాసెటమాల్‌ని "నొప్పొచ్చినప్పుడు వేసుకోండి" అనకుండా, డాక్టరు రాసిన లెక్క ప్రకారం టైముకి వేసుకోమని చెప్పండి, ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చే ముప్పావుగంట ముందు ఒకటి పడేలా చూసుకోమనండి. అలా పద్ధతిగా వేసుకుంటే రెండో బిళ్ళ అవసరం చాలామందికి తగ్గుతుంది. అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్లు రోజూ పారాసెటమాల్ వేసుకుంటుంటే మాత్రం డాక్టరుకి చెప్పి రక్త పరీక్ష కాస్త ముందుగా చేయించుకోవాలి.

నేను ఈ నొప్పి బిళ్ళలకి శత్రువుని కూడా కాదు. సర్జన్ కిడ్నీ పరీక్ష చూసి, గుండె చూసి, మూడు రోజులకి అని రాసిస్తే అవి అమృతమే. సర్జన్ మూడు రోజులకి రాసిన చీటీనే పట్టుకుని ఇంట్లోవాళ్లు మూడు నెలలు వస్తారు, మీరూ ఇస్తూనే ఉంటారు, నా గొడవ దాంతో. పెద్దవాళ్లకి ఏ మందులతో జాగ్రత్తో చెప్పే బీర్స్ జాబితా అని ఒకటుంది, 1991లో మొదలైంది, 2023లో మళ్లీ సవరించారు. ఈ జాతి నొప్పి బిళ్ళల్ని దీర్ఘకాలం వాడొద్దని అందులో ఉంది. పాత రకం జలుబు బిళ్ళల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ లాంటివి కూడా వద్దంటుంది, మతిమరుపు, తూలు తెస్తాయని. ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దాయనకి అవి పడితే మూత్రం ఆగిపోయి అర్ధరాత్రి క్యాథెటర్ కోసం పరుగెత్తాలి.

ట్రామడాల్ గురించి రెండు ముక్కలు. 2018లో దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చాక షాపుల్లో జాగ్రత్త పెరిగింది, సంతోషం. పారాసెటమాల్ కలిపిన ట్రామడాల్ బిళ్ళ చీటీలో ఉంటే ఇవ్వాల్సిందే, కానీ ఇస్తూ చెప్పండి, ఇందులోనూ పారాసెటమాల్ ఉందని, మలబద్ధకం వస్తుందని, తల తిరుగుతుంది కాబట్టి రాత్రి ఒంటరిగా లేవొద్దని. తుంటి విరిగి ఆపరేషన్ అయిన మనిషి రెండోసారి పడితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. డిప్రెషన్‌కి మందులు వాడేవాళ్లయితే ట్రామడాల్ గురించి డాక్టరుని ఒకసారి అడగమనండి, ఆ రెండింటికీ పడదు.

బిళ్ళ కాకుండా ఇంకేమైనా ఉందా అని అడిగితే ఐస్ ప్యాక్ ఉంది, గుడ్డ చుట్టి పెట్టుకోవాలి. డైక్లోఫెనాక్ జెల్ ఉంది. బిళ్ళతో పోలిస్తే జెల్ నుంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ. కానీ కుట్ల మీద, మానని గాయం మీద రాయకూడదు, రాసి పైన వేడి కాపడం పెట్టకూడదు. మోకాలి ఆపరేషన్ అయిన రెండో వారంలో కుట్ల చుట్టూ ఘాటు బామ్ రుద్ది చర్మం కమిలిపోయినవాళ్లని చూశాను. ఇంటికొచ్చి డైక్లోఫెనాక్ సూది వేసే ఆర్‌ఎంపీ డాక్టర్లకి కూడా ఇదే మనవి, సూదైనా బిళ్ళైనా కిడ్నీకి చేసేది ఒకటే. పొద్దున సూది, రాత్రి బిళ్ళ అంటే ఒకే జాతి మందు రెండుసార్లు పడ్డట్టే. ఆ సూది మందు మీ షాపుల నుంచే వెళ్తుంది.

కొన్ని నొప్పులకి మీరు అసలు మందే ఇవ్వకూడదు, ఆటో ఎక్కించాలి. మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండో కాలు కంటే ఒక కాలు పిక్క వాచి గట్టిగా నొప్పెడుతోందంటే అది కండరం పట్టేయడం కాకపోవచ్చు, రక్తం గడ్డ కావచ్చు. దాంతోపాటు ఆయాసం, ఛాతీలో నొప్పి ఉంటే 108కి ఫోన్ చేయించండి. రోజులు గడిచేకొద్దీ తగ్గాల్సిన నొప్పి పెరుగుతోందంటే, కుట్ల చోట ఎర్రబడి చీము కారుతోందంటే అది ఇన్ఫెక్షన్, పారాసెటమాల్ వేస్తే జ్వరం కనిపించకుండా పోతుంది, చీము పోదు. శుక్లాల ఆపరేషన్ అయిన కంట్లో తీవ్రమైన నొప్పి వచ్చి చూపు మసకబారితే ఒక్క బిళ్ళ కూడా వద్దు, ఆ రోజే, ఆ పూటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేపటికి తగ్గుతుందిలే అని మీరు ఇచ్చే బిళ్ళ ఆ కన్నుని పోగొట్టవచ్చు.

ఇప్పుడు మీ బాధలు. నాకు తెలుసు, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా డాబాగార్డెన్స్ అయినా గాజువాక అయినా మధురవాడ అయినా కౌంటర్ ముందు నలుగురు ఒకేసారి చెయ్యి చాపుతారు. అడిగితే "నీకెందుకయ్యా, ఇస్తావా ఇవ్వవా" అని పక్క షాపుకి పోతారు. అద్దెలు పెరిగాయి, యాప్‌లు ఇరవై శాతం డిస్కౌంటిచ్చి మీ గిరాకీ లాక్కుంటున్నాయి. అంతా నిజం. కానీ ఆ యాప్‌ చెయ్యలేనిది మీరు చెయ్యగలిగేది ఇదొక్కటే, మనిషి మొహం చూసి అడగడం. పైగా ఇది నేను మిమ్మల్ని అడుగుతున్న మెహర్బానీ కాదు. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్‌లో ఉంది, చీటీ లేకుండా అమ్మకూడదు. ఫార్మసిస్టు మందు ఇస్తూ పేషెంటుకి దాని గురించి వివరంగా చెప్పాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లో రాసి ఉంది. గోడ మీద ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో నిలబడేది ఇంకొకరు అయితే ఆ చెప్పేది ఎవరు? కోపం తెచ్చుకోకండి, ఈ ప్రశ్న మీ అందరికీ కాదు, ఎవరికో వాళ్లకి తెలుసు.

ఆస్పత్రుల వాళ్లది కూడా తప్పుంది. డిశ్చార్జి రోజు బిల్లు దగ్గర మూడు గంటలు కూర్చోబెట్టి, మందుల గురించి రెండు నిమిషాల్లో చెప్పి పంపిస్తారు. కాగితమంతా ఇంగ్లిషు పెద్దక్షరాలు. "నొప్పి ఎక్కువైతే ఏం వేసుకోవాలి, ఏం వేసుకోకూడదు" అనే ఒక్క వాక్యం తెలుగులో ఉంటే సగం గొడవ తీరుతుంది. దాని గురించి వాళ్లకి వేరే రాస్తాను.

మీ నుంచి నాకు కావాల్సింది పెద్దదేం కాదు. కౌంటర్ అద్దం మీద, డబ్బులిచ్చే చోట కస్టమర్ కళ్లకి ఎదురుగా ఒక కాగితం అంటించండి, తెలుగులో, దూరం నుంచి కనపడేలా: "పెద్దవాళ్లకి నొప్పి బిళ్ళ కావాలా? వయసు, ఆపరేషన్, బి.పి., షుగర్, గుండె, కిడ్నీ, రక్తం పలచబరిచే మందులు, ఏవున్నా ముందు చెప్పండి. వాడుతున్న మందుల కవరు తెచ్చి చూపించండి." కాగితం ఉంటే అడగడానికి మీకూ మొహమాటం ఉండదు, చెప్పడానికి వాళ్లకీ చిరాకు ఉండదు. స్ట్రిప్పు కత్తిరించాల్సి వస్తే పేరు, తేదీ ఉన్న ముక్క కస్టమర్‌కే ఇవ్వండి, లేదా చిన్న కవరు మీద తెలుగులో పేరు రాసి, "ఇందులో పారాసెటమాల్ ఉంది, డోలోతో కలిపి లెక్క వేసుకోండి" అని రాయండి. ఇప్పుడు పెన్నుతో మూడు గీతలు గీసి ఇస్తున్నారే, ఆ గీతల పక్కనే ఎన్ని రోజులో కూడా రాయండి. డాక్టరు పారాసెటమాల్ ఒక్కటే రాస్తే స్టాకు లేదని కాంబినేషన్ బిళ్ళ అంటగట్టకండి, ఈ ఊళ్లో పారాసెటమాల్ దొరకని షాపు లేదు. ఏదైనా మందు పడక తేడా చేసిందని ఎవరైనా వచ్చి చెప్తే 1800-180-3024కి ఫోన్ చేయండి, దేశమంతటికీ మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఉచిత నంబరు అది.

ఆ కాగితం నమూనా నేను పెద్ద అక్షరాల్లో రాసి, మా మనవరాలి చేత టైపు చేయించి పెట్టాను. మీ అసోసియేషన్ వాళ్లు ఎవరైనా అడిగితే పంపిస్తాను, మార్పులుంటే చేసుకోండి, నా పేరు వేయక్కర్లేదు. కౌంటర్ పిల్లలతో ఒకసారి కూర్చుని మాట్లాడమన్నా వస్తాను. మీటింగ్ మాత్రం మధ్యాహ్నం మూడింటికి పెట్టండి, షాపులు ఖాళీగా ఉండేది అప్పుడే.

ఇట్లు,
కంచరపాలెం నుంచి ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు